కొత్త ఫోన్ వచ్చింది, మార్చాలా వద్దా? పాత ఫోన్‌ను పరీక్షించి తేల్చుకునే పద్ధతి

కొత్త మోడల్ విడుదలైన వారంలో వచ్చే సమీక్షలన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: ఈ ఫోన్ బాగుందా? కొనేవాళ్లు తెలుసుకోవాల్సింది వేరు. చేతిలో ఉన్న ఫోన్ ఇంకా ఎన్నాళ్లు పనికొస్తుంది, కొత్తదానితో వచ్చే తేడా మన వాడకంలో ఎక్కడ తెలుస్తుంది అన్నదే అసలు లెక్క. ఆ లెక్క ప్రకటనల్లో దొరకదు, పాత ఫోన్ సెట్టింగ్స్‌లో దొరుకుతుంది. కాబట్టి పరీక్ష అక్కడి నుంచే మొదలుపెట్టండి. మొత్తానికి ఒక వారం పడుతుంది.

1. వారం పాటు ఇబ్బందులు రాసిపెట్టుకోండి

ఫోన్ విసిగించిన ప్రతిసారీ నోట్స్‌లో ఒక లైను రాయండి. ఏ పని చేస్తుండగా, ఎంత ఛార్జ్ ఉండగా, ఏమైందో ఉండాలి. "ఫోన్ స్లోగా ఉంది" అని రాస్తే ఎందుకూ పనికిరాదు. "కెమెరా తెరుచుకోవడానికి 4 సెకన్లు పట్టింది, బ్యాటరీ 18 శాతం, ఫోన్ వేడిగా ఉంది" అని రాస్తే కారణం దానంతట అదే బయటపడుతుంది.

వారం తిరిగాక ఆ లైన్లను నాలుగు రకాలుగా విడదీయండి: బ్యాటరీ, స్టోరేజి, నెట్‌వర్క్, ఫోన్ చేయలేని పని. మొదటి మూడింటిలో చాలావరకు కొత్త ఫోన్ కొనకుండానే సర్దుకుంటాయి. నాలుగో రకం వేరు. పాత ఫోన్ కొత్తగా కొన్ననాడు కూడా చేయలేకపోయిన పని అది: చీకట్లో కదిలే మనుషుల ఫొటో స్పష్టంగా రాకపోవడం, దూరంగా ఉన్నది జూమ్‌కు అందకపోవడం, ఈసిమ్ (విడి కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్) అవసరం పడితే ఆ సదుపాయం లేకపోవడం. ఫోన్ మార్చడానికి గట్టి కారణం ఉంటే అది ఈ నాలుగో వరుసలో ఉంటుంది, లేదా కింద చెప్పబోయే అప్‌డేట్ల గడువులో ఉంటుంది. ఈ రెండుచోట్లా ఏమీ లేకపోతే మీ సమస్యకు మందు రిపేరే.

2. బ్యాటరీని లెక్కగా చూడండి

ఫోన్ ముసలిదైపోయిందని మనం అనుకునే సందర్భాల్లో ఎక్కువసార్లు అరిగిపోయింది బ్యాటరీయే. లిథియం బ్యాటరీ వాడేకొద్దీ రెండు జరుగుతాయి. నిల్వ సామర్థ్యం తగ్గుతుంది, అంటే ఛార్జ్ త్వరగా అయిపోతుంది. ఇది అందరికీ తెలుసు. రెండోది చాలామందికి తెలియదు: బ్యాటరీ అంతర్గత నిరోధం (కరెంటుకు లోపల ఎదురయ్యే అడ్డు) పెరుగుతుంది. కెమెరా తెరిచినప్పుడో, గేమ్ మొదలైనప్పుడో ప్రాసెసర్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. నిరోధం పెరిగిన బ్యాటరీలో ఆ క్షణాన వోల్టేజి పడిపోతుంది. అప్పుడు ఫోన్ 25 శాతం ఛార్జ్ ఉండగానే ఆగిపోతుంది, లేదా ఆగిపోకుండా ఉండేందుకు ప్రాసెసర్ వేగాన్ని తగ్గించుకుంటుంది. అరిగిన బ్యాటరీలున్న పాత ఐఫోన్ల వేగాన్ని సాఫ్ట్‌వేర్‌తో తగ్గిస్తున్నట్టు 2017 డిసెంబరులో ఆపిల్ ఒప్పుకొంది. కారణం సరిగ్గా ఇదే. అలాంటి ఫోన్లలో బ్యాటరీ మారిస్తే వేగం తిరిగి వచ్చింది.

ఐఫోన్‌లో సెట్టింగ్స్, బ్యాటరీ, బ్యాటరీ హెల్త్ వరుసలో వెళ్తే గరిష్ఠ సామర్థ్యం శాతంలో కనిపిస్తుంది. ఐఫోన్ 14, అంతకుముందు మోడళ్ల బ్యాటరీలు అనువైన పరిస్థితుల్లో 500 పూర్తి ఛార్జ్ సైకిళ్ల తర్వాత 80 శాతం నిలుపుకొనేలా, ఐఫోన్ 15 నుంచి 1000 సైకిళ్ల వరకు నిలుపుకొనేలా తయారుచేశామని ఆపిల్ చెబుతోంది. సైకిల్ అంటే ఛార్జర్‌కు పెట్టిన ప్రతిసారీ అని కాదు. మొత్తం కలిపి 100 శాతం వాడితే ఒక సైకిల్. ఈ రోజు 60 శాతం, రేపు 40 శాతం వాడితే రెండు రోజులకు కలిపి ఒక సైకిల్ అయినట్టు.

ఆండ్రాయిడ్‌లో ఇది కంపెనీని బట్టి మారుతుంది. శామ్‌సంగ్‌లో శామ్‌సంగ్ మెంబర్స్ యాప్ తెరిచి డయాగ్నస్టిక్స్‌లో బ్యాటరీ స్థితి చూడవచ్చు. ఇటీవలి పిక్సెల్ ఫోన్లలో అబౌట్ ఫోన్ కింద బ్యాటరీ ఇన్ఫర్మేషన్‌లో సైకిళ్ల సంఖ్య, తయారీ తేదీ ఉంటాయి. ఇవేవీ లేకపోతే లక్షణాలు చూసి చెప్పుకోవాలి: 20, 30 శాతం దగ్గర హఠాత్తుగా ఆగిపోవడం, రీస్టార్ట్ చేస్తే ఛార్జ్ అంకె ఒక్కసారిగా ఎగబాకడం, చలిలో అస్సలు నిలవకపోవడం.

సామర్థ్యం 80 శాతం కంటే తగ్గినా, ఈ లక్షణాలు కనిపించినా, ఫోన్‌కు ఇంకా రెండేళ్ల అప్‌డేట్లు మిగిలి ఉంటే ముందు బ్యాటరీ మార్పించండి. కొత్త ఫోన్ ధరలో అది చిన్న భాగమే. మార్పించేటప్పుడు రెండు విషయాలు అడిగి తెలుసుకోండి. ఒకటి, కంపెనీ ఒరిజినల్ బ్యాటరీయేనా. ఇటీవలి ఐఫోన్లలో వేరే బ్యాటరీ వేస్తే అది ఒరిజినల్ అని నిర్ధారించలేకపోతున్నామంటూ సెట్టింగ్స్‌లో సందేశం వస్తుంది, హెల్త్ అంకె కూడా కనిపించకపోవచ్చు. రెండోది, ఫోన్ అంచుల చుట్టూ ఉండే జిగురు సీలు కొత్తది వేస్తారా. ఫోన్ విప్పితే పాత సీలు పనికిరాదు. అదే మళ్లీ అతికిస్తే ఐపీ68 (నీటిని తట్టుకుంటుందని చెప్పే రేటింగ్) అని రాసి ఉన్న ఫోన్‌లోకి కూడా నీళ్లు వెళ్లొచ్చు.

స్క్రీనుకూ ఫ్రేముకూ మధ్య సందు కనిపించినా, వెనక కవర్ లేచినట్టున్నా బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చని అర్థం. అప్పుడు ఈ లెక్కలన్నీ పక్కనపెట్టండి. ఛార్జింగ్ ఆపేయండి, కవర్‌ను లోపలికి నొక్కకండి, నేరుగా సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి.

ఛార్జింగ్ సరిగ్గా ఎక్కడం లేదన్న ఫిర్యాదు రాసుకుని ఉంటే, ముందు టార్చ్ వేసి పోర్టులోకి చూడండి. జేబులోని నూలు పీచు ఏళ్ల తరబడి పిన్‌తో నొక్కుకుపోయి అడుగున గట్టిగా పేరుకుంటుంది. పిన్ పూర్తిగా లోపలికి దిగదు, కాస్త కదిపితే ఛార్జింగ్ ఆగిపోతుంది. ఫోన్ ఆఫ్ చేసి, చెక్క టూత్‌పిక్‌తో పోర్టు గోడ వెంబడి నెమ్మదిగా గీరి తీయండి. యూఎస్‌బీ-సీ పోర్టులో మధ్యన పలచని నాలుక ఉంటుంది, దాని జోలికి పోవద్దు. సూది, గుండుసూది అసలు వాడొద్దు.

3. స్టోరేజి నిండిందా, యాప్ తేడానా?

ఫోన్‌లోని ఫ్లాష్ మెమరీ పాత డేటా మీద నేరుగా కొత్తది రాయలేదు. ముందు ఒక బ్లాకు మొత్తం చెరిపి, తర్వాత రాయాలి. ఖాళీ తగినంత ఉంటే ఈ చెరిపే పని తెరవెనుక జరిగిపోతుంది. నిండుకున్నప్పుడు మాత్రం ప్రతి చిన్న రాతకూ ముందు చోటు వెతకాలి, ఉన్న డేటాను జరపాలి. టైప్ చేస్తుంటే అక్షరం ఆలస్యంగా పడటం, ఫొటో తీశాక చక్రం తిరుగుతూ ఉండిపోవడం వంటివి ఇక్కడి నుంచే రావచ్చు. మొత్తం స్టోరేజిలో కనీసం 10 నుంచి 15 శాతం ఖాళీగా ఉంచండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజి అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజి తెరిస్తే ఏ గ్రూపు ఎంత మింగిందో వరుసగా కనిపిస్తుంది. చాలామందికి అక్కడే అనేక జీబీలు దొరుకుతాయి.

ఖాళీ ఉన్నా మందకొడిగా ఉంటే ఆండ్రాయిడ్‌లో సేఫ్ మోడ్ ప్రయత్నించండి. చాలా ఫోన్లలో పవర్ మెనూలోని పవర్ ఆఫ్ బటన్‌ను నొక్కిపట్టి ఉంచితే వస్తుంది. ఇందులో మీరు వేసుకున్న యాప్‌లేవీ నడవవు. ఫోన్ ఇప్పుడు చురుగ్గా ఉంటే తప్పు ఏదో యాప్‌ది, ఫోన్‌ది కాదు. ఆఖరి పరీక్ష ఫ్యాక్టరీ రీసెట్. బ్యాకప్ తీసుకుని రీసెట్ చేశాక, పాత యాప్‌లన్నీ ఒకేసారి తిరిగి దింపకుండా ఒక రోజు ఖాళీగా వాడి చూడండి. అప్పుడూ ఈడుస్తూనే ఉంటే హార్డ్‌వేర్ చాలడం లేదన్నమాట నిజం. ఇది నాలుగో వరుసలోకి చేర్చదగిన గట్టి ఆధారం.

నెట్‌వర్క్ ఫిర్యాదులైతే అదే సిమ్‌ను వేరే ఫోన్‌లో వేసి, అదే చోట చూడండి. అక్కడా అంతే ఉంటే కొత్త ఫోన్ కొన్నా అంతే ఉంటుంది.

4. అప్‌డేట్ల గడువే అసలు ఆయుష్షు

రెండు రకాల అప్‌డేట్లను కలిపేసి చూడొద్దు. ఆండ్రాయిడ్ 15 నుంచి 16కు, ఐఓఎస్‌లో ఒక వెర్షన్ నుంచి పైదానికి మారడం ఒకటి. ఇది రాకపోతే కొత్త సదుపాయాలు తప్పిపోతాయి, అంతే. సెక్యూరిటీ అప్‌డేట్లు వేరు. కనిపెట్టిన లోపాలను పూడ్చేవి ఇవే. ఇవి ఆగిపోయిన ఫోన్‌లో బయటపడిన ప్రతి లోపం శాశ్వతంగా తెరిచే ఉంటుంది. ఆండ్రాయిడ్ 10 నుంచి కొన్ని భాగాలు గూగుల్ ప్లే ద్వారా విడిగా అప్‌డేట్ అవుతున్నాయి గానీ, కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం), మోడెమ్ (నెట్‌వర్క్ చిప్), గ్రాఫిక్స్ డ్రైవర్ల లోపాలకు ఫోన్ తయారుచేసిన కంపెనీ ప్యాచ్ (లోపాన్ని పూడ్చే అప్‌డేట్) ఇవ్వాల్సిందే. బ్యాంకు యాప్, ఆఫీసు మెయిల్, గుర్తింపు పత్రాల ఫొటోలు ఉన్న ఫోన్‌ను ఆ స్థితిలో ఏళ్ల తరబడి వాడటం మంచిది కాదు. ఫోన్ ఎంత చక్కగా పనిచేస్తున్నా మార్చమని గట్టిగా చెప్పే సందర్భం ఇదొక్కటే.

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, ఆండ్రాయిడ్ వెర్షన్ తెరిస్తే సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ ఉంటుంది. అది ఆరు నెలలకు పైగా పాతదై, అప్‌డేట్ బటన్ నొక్కినా కొత్తది రాకపోతే, కంపెనీ సైట్‌లో మీ మోడల్ గడువు ముగిసిందేమో చూడండి. అక్కడ కచ్చితమైన తేదీ దొరికితే రాసిపెట్టుకోండి, తర్వాతి లెక్కకు కావాలి.

గడువు మీరు కొన్న రోజు నుంచి మొదలవదు. సాధారణంగా మోడల్ విడుదల నుంచే లెక్కేస్తారు. పిక్సెల్ 8కి 2023 అక్టోబరులో, గెలాక్సీ ఎస్24కి 2024 జనవరిలో ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని గూగుల్, శామ్‌సంగ్ ప్రకటించాయి. విడుదలైన రెండేళ్లకు తగ్గింపులో కొంటే మీకు దక్కేది ఐదేళ్లే. అదే కంపెనీలోని చౌక మోడళ్లకు ఇదే హామీ ఉంటుందని అనుకోవద్దు, మోడల్ పేరుతో విడిగా చూడాలి. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమలైన నిబంధనలు, మోడల్ అమ్మకాలు ఆపిన తేదీ నుంచి కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలని, 800 సైకిళ్ల తర్వాత కూడా బ్యాటరీలో 80 శాతం సామర్థ్యం ఉండాలని చెబుతున్నాయి.

ఇప్పుడు లెక్క. చెల్లించే మొత్తాన్ని మిగిలిన అప్‌డేట్ల ఏళ్లతో భాగించండి. కొత్త ఫోన్ ధర 100 భాగాలు, ఏడేళ్ల హామీ అనుకుంటే ఏడాదికి సుమారు 14. అదే వరుసలో పోయినేడాది మోడల్ 70కి దొరికి, ఆరేళ్లు మిగిలి ఉంటే ఏడాదికి 12 లోపే. మీ పాత ఫోన్‌కు రెండేళ్లు మిగిలి ఉండి, బ్యాటరీ మార్పుకు 8 అయితే ఏడాదికి 4. పాత ఫోన్‌కు మారకం విలువ వస్తుంటే దాన్ని కొత్త ఫోన్ ధరలోంచి తీసేసి భాగించండి. ఏడేళ్ల హామీ ఉన్నా మీరు మూడేళ్లకే మార్చేసే అలవాటున్నవాళ్లయితే నిజాయితీగా మూడుతోనే భాగించాలి. అప్పుడు మూడేళ్ల తర్వాత అమ్మితే వచ్చే మొత్తాన్ని కూడా తీసేయొచ్చు. ఈ అంకెలు పక్కపక్కన రాసుకున్నాక నిర్ణయం చాలామందికి దాదాపు తేలిపోతుంది.

5. కొనాలని తేలితే స్పెసిఫికేషన్లలో చూడాల్సినవి

నాలుగో వరుసలో మీరు రాసుకున్న పనులకు సంబంధించిన లైన్లే చదవండి. మిగతావి ఎంత ఆకర్షణగా ఉన్నా వదిలేయండి.

కెమెరా కోసమే అయితే మెగాపిక్సెళ్లు పట్టించుకోకండి. 48 మెగాపిక్సెల్ సెన్సర్ మామూలుగా నాలుగేసి పిక్సెళ్లను కలిపి 12 మెగాపిక్సెల్ ఫొటో ఇస్తుంది. 200 మెగాపిక్సెల్‌ది పదహారేసి కలిపి 12.5 ఇస్తుంది. చీకట్లో తేడా తెచ్చేది సెన్సర్ పరిమాణం. 1/1.3 అంగుళాలు అని ఉంటే 1/2.55 కంటే చాలా పెద్దదన్నమాట, భాగహారం కింద అంకె ఎంత చిన్నదైతే సెన్సర్ అంత పెద్దది. జూమ్‌లో ఆప్టికల్ (లెన్స్‌తోనే దగ్గరికి తెచ్చేది) అని రాసిన అంకెనే లెక్కలోకి తీసుకోండి. వందరెట్ల జూమ్ అన్నది చాలావరకు సాఫ్ట్‌వేర్ సాగదీసిన బొమ్మ. సమీక్షల్లో ఎండలో తీసిన ప్రకృతి దృశ్యాలు అన్ని ఫోన్లలో బాగానే ఉంటాయి. ఇంట్లో బల్బు వెలుతురులో కదులుతున్న మనిషి ఫొటో కోసం వెతకండి, అసలు తేడా అక్కడ కనిపిస్తుంది.

వేగం కోసమైతే చిప్ పేరును అక్షరం వదలకుండా చదవండి. స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 3, స్నాప్‌డ్రాగన్ 8ఎస్ జెన్ 3 ఒకటి కావు. ఒక్క "ఎస్" చేరితే కింది మెట్టు. ఒకే పేరుతో అమ్మే ఫోన్‌లో దేశాన్ని బట్టి చిప్ మారడమూ ఉంది. గెలాక్సీ ఎస్24 చాలా ప్రాంతాల్లో శామ్‌సంగ్ సొంత చిప్ ఎక్సినోస్ 2400తో, కొన్నిచోట్ల స్నాప్‌డ్రాగన్‌తో వచ్చింది. మీ దగ్గర అమ్మే రకానికి చేసిన పరీక్షలే చూడండి. ఒక నిమిషం బెంచ్‌మార్క్ (వేగ పరీక్ష) అంకె కంటే 3డీమార్క్ వైల్డ్ లైఫ్ స్ట్రెస్ టెస్ట్ ఎక్కువ చెబుతుంది. అది ఒకే పరీక్షను 20 సార్లు వరుసగా నడిపి, అత్యుత్తమ ఫలితంతో పోలిస్తే అతి తక్కువ ఫలితం ఎంతో శాతంలో ఇస్తుంది. శాతం బాగా తక్కువ వచ్చిందంటే వేడెక్కాక ఆ ఫోన్ తన వేగాన్ని తానే తెగ్గోసుకుంటోందని.

ఏఐ సదుపాయాల కోసం కొంటుంటే మూడు విషయాలు ముందే నిర్ధారించుకోండి: మీరు వాడే భాషలో పనిచేస్తాయా, మీ దేశంలో విడుదలయ్యాయా, ఉచిత గడువు ఏమైనా ఉందా. పాత ఫోన్‌కు అవి రావన్న మాట కూడా సరిచూసుకోవాలి. ఆపిల్ ఇంటెలిజెన్స్ ఐఫోన్ 15 ప్రో నుంచి పైవాటికే పరిమితమన్నది నిజం. కానీ అదే తరహా పనులు చేసే యాప్‌లు చాలా పాత ఫోన్లలోనూ నడుస్తాయి.

స్క్రీన్ వెలుగులో పీక్ నిట్స్ (నిట్స్ వెలుగు కొలత, పీక్ అంటే గరిష్ఠం) అని రాసేది తెరలో చిన్న భాగానికి, వెలుగునీడల తేడా ఎక్కువగా చూపే హెచ్‌డీఆర్ వీడియోలో కొన్ని క్షణాలకే. ఎండలో చదవడానికి హై బ్రైట్‌నెస్ మోడ్ అంకె చూడాలి. తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో చెప్పే రిఫ్రెష్ రేటు 60 హెర్ట్జ్ నుంచి 120కి మారితే స్క్రోలింగ్‌లో తేడా చాలామందికి వెంటనే తెలుస్తుంది. ఇప్పటికే 120 ఉన్నవాళ్లకు ఇక్కడ కొత్తగా వచ్చేదేమీ లేదు. ఫాస్ట్ ఛార్జింగ్ వాట్లు ఆ కంపెనీ సొంత ఛార్జర్‌కే వర్తించడం మామూలు. ఇంట్లో ఉన్న యూఎస్‌బీ పవర్ డెలివరీ (కంపెనీలన్నిటికీ ఉమ్మడి ప్రమాణం) ఛార్జర్‌తో ఎన్ని వాట్లు తీసుకుంటుందో విడిగా వెతకండి, ఛార్జర్ ధర కూడా ఖర్చులో కలపండి. ఈసిమ్ మాత్రమే ఉన్న మోడళ్లు వస్తున్నాయి. 2022లో అమెరికాలో అమ్మిన ఐఫోన్ 14 అలాంటిదే. మీ ఆపరేటర్ ఈసిమ్ ఇస్తుందో లేదో డబ్బు కట్టకముందే అడగండి.

6. విడుదల రోజున కొనకండి

ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగితే నష్టపోయేదేమీ ఉండదు, కొన్నిసార్లు పెద్ద తలనొప్పి తప్పుతుంది. గెలాక్సీ నోట్ 7 2016 ఆగస్టులో వచ్చింది, బ్యాటరీలు కాలిపోవడంతో అక్టోబరుకల్లా పూర్తిగా ఆపేశారు. 2023 సెప్టెంబరులో వచ్చిన ఐఫోన్ 15 ప్రో వేడెక్కుతోందన్న ఫిర్యాదులకు అక్టోబరు మొదట్లో ఐఓఎస్ 17.0.3తో సర్దుబాటు వచ్చింది. మొదటి నెలలో బయటపడేవి రెండు రకాలు. సాఫ్ట్‌వేర్ లోపమైతే అప్‌డేట్‌తో పోతుంది. యాంటెన్నా, గ్లూ, తెర రంగు వంటి తయారీ లోపమైతే పోదు. ఆగినవాళ్లకు ఏది ఏదో తెలుస్తుంది.

సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయినవాళ్లు, బ్యాటరీ ఉబ్బి సర్వీస్ సెంటర్‌లో మార్పించడం కుదరనివాళ్లు మాత్రం ఆగక్కర్లేదు. అలాంటప్పుడు కొత్తదాని కోసం చూడకుండా పోయినేడాది మోడల్ తీసుకోవడమే మేలు. దాని లోపాలేమిటో ఈపాటికి తెలిసిపోయి ఉంటాయి, ధరా దిగి ఉంటుంది.

7. కొన్న మొదటి వారం, పాత ఫోన్ వీడ్కోలు

వాపసు గడువు ఎన్ని రోజులో బిల్లు మీద చూసి, అది ముగిసేలోగా ఇవన్నీ చేయండి. చీకటి గదిలో వెలుగు బాగా తగ్గించి, బూడిదరంగు బొమ్మను తెర నిండా పెట్టి చూడండి. ఆకుపచ్చ లేదా గులాబీ మరక కనిపిస్తే అది ప్యానెల్ లోపం. కాల్ మాట్లాడుతూ చెవి దగ్గర పెట్టినప్పుడు తెర ఆరిపోతోందా, రెండు సిమ్‌లూ పనిచేస్తున్నాయా, మ్యాప్‌లో మీరున్న చోటు సరిగ్గా చూపిస్తోందా చూడండి. బ్యాటరీ విషయంలో మొదటి రెండు మూడు రోజులు తీర్పు ఇవ్వొద్దు. ఫొటోలను, యాప్‌లను సర్దుకునే పని తెరవెనుక నడుస్తూ ఛార్జ్ ఎక్కువ తాగుతుంది, కాస్త వేడెక్కుతుంది కూడా.

పాత ఫోన్‌ను ఆ వారం చెరపకండి. ఫొటోలు సులువుగానే వస్తాయి. ఇబ్బంది పెట్టేవి ఆథెంటికేటర్ కోడ్‌లు (లాగిన్ కోసం ఒక యాప్ ఇచ్చే కోడ్‌లు), బ్యాంకు యాప్‌లు, చాట్‌లు. గూగుల్ ఆథెంటికేటర్‌లో ట్రాన్స్‌ఫర్ అకౌంట్స్ అనే చోట క్యూఆర్ కోడ్ వస్తుంది, దాన్ని కొత్త ఫోన్‌తో స్కాన్ చేయాలి. బ్యాంకు యాప్‌లు చాలావరకు మళ్లీ రిజిస్టర్ చేయమంటాయి కాబట్టి ముందు సిమ్ కొత్త ఫోన్‌లోకి మార్చాకే అవి తెరవండి. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు మారేవాళ్లు మూవ్ టు ఐఓఎస్ యాప్‌తో వాట్సాప్ చాట్‌లు తెచ్చుకోవాలంటే ఐఫోన్ మొదటి సెటప్ దశలోనే ఆ పని చేయాలి. సెటప్ ముగించేశాక గుర్తొస్తే ఐఫోన్‌ను రీసెట్ చేసి మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుంది.

అన్నీ వచ్చాయని నిర్ధారించుకున్నాక పాతదాన్ని చెరిపే వరుస ఇది. ముందు బ్యాకప్, తర్వాత ఈసిమ్ తొలగింపు, ఆ తర్వాత ఖాతాల నుంచి సైన్ అవుట్. ఐఫోన్‌లో ఐక్లౌడ్ నుంచి బయటికొస్తే ఫైండ్ మై (పోయిన ఫోన్ వెతికే సదుపాయం) ఆగిపోతుంది, ఆండ్రాయిడ్‌లో గూగుల్ ఖాతాను తీసేయాలి. చివరికి సెట్టింగ్స్‌లోంచి రీసెట్. ఖాతా తీయకుండా రీసెట్ చేస్తే తీసుకున్నవాళ్లు మీ పాస్‌వర్డ్ లేకుండా ఫోన్‌ను మొదలుపెట్టలేకపోవచ్చు, మారకంలోనూ వెనక్కి పంపేయొచ్చు. అమ్మకుండా అత్యవసరానికి దాచుకుంటే 50 శాతం ఛార్జ్ ఉంచి, స్విచ్ఛాఫ్ చేసి, చల్లగా పొడిగా ఉన్నచోట పెట్టండి. ఆరు నెలలకోసారి తీసి మళ్లీ సగం వరకు ఛార్జ్ చేయండి.